ఆరు గదుల ప్రోగ్రాం

జనవరి 9

కొండెక్కి కూర్చున్న మా మరిదికి, కింద నుంచి వదిన ఆశీస్సులు.

ఆ వాతావరణ కేంద్రంలో గాలినీ వాననూ కొలుచుకుంటూ క్షేమంగానే ఉన్నావనుకుంటాను. నేను కుట్టి పంపిన కోటు సరిపోయిందో లేదో ఇంతవరకు ఒక్క ముక్క రాయలేదు. చేతులు పొట్టిగా వచ్చాయని నాకు తెలుసు. మొహమాటానికి బాగుందని మాత్రం రాయకు.

మీ అన్నయ్య మునుపటికన్నా నయం. కర్ర పట్టుకుని వాకిట్లోకి వస్తున్నారు. కుడి చెయ్యి ఇంకా చెప్పిన మాట వినడం లేదు. మాటలే పెద్ద చిక్కు. చెంచా కావాలంటే తలుపు అంటారు. దుప్పటి అడగబోయి రైలు అంటారు. అన్నాక అది కాదని ఆయనకే తెలిసిపోయి మొహం తిప్పుకుంటారు. పక్షవాతం వచ్చినవాళ్లకి మాట మెల్లగా తిరిగి రావచ్చని డాక్టరు అంటున్నాడు. వస్తే చాలు, ఎంత మెల్లగానైనా రానీ.

ఆయన పనిచేసే కోడిపిల్లల హేచరీ యజమాని ఆయన కోసం ఒక కంప్యూటర్ ఇంటికి పంపించాడు. పొద్దున్నే దాని ముందు కూర్చుని, తను రాసిన ప్రోగ్రాం తెరిచి, పైనుంచి కిందికి జరుపుకుంటూ పెదాలు కదుపుతుంటారు. నేను నా కుట్టుమిషను దగ్గర నా గోలలో ఉంటాను. మధ్యాహ్నం దాకా ఇద్దరిదీ ఇదే సంసారం. ఆ ప్రోగ్రాం గురించి ఆయన లోపల్లోపల కుమిలిపోతున్నారని నా అనుమానం.

అసలు సంగతికి వస్తాను. హేచరీలో గుడ్లు పొదిగే గదులు ఆరు. గంటగంటకూ ఒక్కో గది వేడి ఎంతో కంప్యూటర్‌లో కొడితే, పెంచాలో తగ్గించాలో చీటీ అచ్చయి వస్తుంది. నీ కాలేజీ పుస్తకం ముందేసుకుని, నలభై దాటాక సి అనే కంప్యూటర్ భాష నేర్చుకుని మీ అన్నయ్య రాసిన ప్రోగ్రామే అది. పోయిన నెల అక్కడ కొత్త థర్మామీటర్లు పెట్టారు. అవి ఉన్నదానికన్నా అర డిగ్రీ తక్కువ చూపిస్తాయట. ప్రోగ్రాంలో ఆ అర డిగ్రీ కలపమని యజమాని ఇంటికొచ్చి అడిగాడు. ఆయన వేలు పెట్టి చూపించారు, నేను కొట్టాను. ఒకే లెక్క ఆరు గదులకీ విడివిడిగా ఆరుసార్లు రాసి ఉంది. అన్నీ మార్చాననుకుని మూడో గది వదిలేశాను. ఆ గదిలో వేడి చాలడం లేదనుకుని ప్రోగ్రాం పెంచమని చీటీలిస్తూ పోయింది, ఆయన బదులు అంకెలు కొట్టే పనివాళ్లు చీటీ చెప్పినట్టే పెంచుతూ పోయారు. సగానికి పైగా గుడ్లు పిల్లలు కాకుండానే పాడయ్యాయి.

యజమాని మంచివాడు, ఒక్క మాట అనలేదు. "ఆయన వచ్చేదాకా ఆ కుర్చీ ఆయనదేనమ్మా. ఇంకొకరికి ఇద్దామన్నా ఆ ప్రోగ్రాం తల ఏదో తోక ఏదో ఎవరికి తెలుస్తుంది?" అని నవ్వేసి వెళ్లాడు. ఆ కుర్చీలోకి తిరిగి వెళ్లాలన్నదే ఇప్పుడు ఆయనకున్న ఒక్క ఆశ. ఏ మాట తడబడినా 'కుర్చీ' అన్న మాట మాత్రం తప్పు పలకరు.

అందుకని నాకు సి నేర్పు. ఫోనులో వద్దు, మీ కొండమీది ఫోను సగం మాటలు మింగేస్తుంది. ప్రోగ్రాం మొదటి పేజీలు చేత్తో ఎక్కించి ఇందులో పెట్టాను. చూసి నవ్వకు.

నీ వదిన

జనవరి 20

వదినకి, పొట్టి చేతుల కోటులో మణికట్లు గడ్డకట్టుకుపోతున్న మరిది నమస్కరించి రాయునది.

అబద్ధం రాయొద్దన్నావు కాబట్టి రాశాను. మిగతా ఒళ్లంతా వెచ్చగానే ఉంది.

నువ్వు పంపిన పేజీలు చూసి బుర్ర గిర్రున తిరిగింది. ప్రోగ్రాం మొదలయ్యే చోటుని మెయిన్ అంటారు, అన్నయ్య ఉన్నదంతా ఆ మెయిన్‌లోనే కుక్కేశాడు. మొదటి గది లెక్క, మొదటి గది చీటీ, మళ్లీ రెండో గది లెక్క, రెండో గది చీటీ. ఇలా రాస్తే నువ్వే కాదు, నేనైనా ఎక్కడో ఒక గది మరిచిపోతాను. మూడో గది పాపం నీది కాదు, ఆ రాతది.

ఒక్కటి గుర్తుపెట్టుకో. ఒకే పని రెండు చోట్ల కనబడితే దాన్ని మెయిన్ నుంచి బయటికి తీసి ఒక పేరు పెట్టు. దాన్నే ఫంక్షన్ అంటారు. ఆ తర్వాత ఎక్కడ అవసరమైతే అక్కడ పేరు పెట్టి పిలిస్తే చాలు, పని చేసి పెడుతుంది. రేపు థర్మామీటర్లు మళ్లీ మార్చినా నువ్వు దిద్దాల్సింది ఒక్క చోటే. ఒక ఫంక్షన్ ఒక్క పనే చేయాలి. పేరు చూడగానే ఆ పనేమిటో తెలిసిపోవాలి. చివరికి మెయిన్ చదివితే ప్రోగ్రాం ఏం చేస్తుందో ముక్కూ మొహం తెలియనివాడికైనా అర్థం కావాలి.

ఇంకో మాట. అన్నయ్య పొద్దంతా దాని ముందు ఎందుకు కూర్చుంటున్నాడో నాకు తెలుసు. తప్పు ఎక్కడుందో కనబడుతుంటుంది, దిద్దుదామంటే చెయ్యి లేవదు, చెబుదామంటే మాట రాదు. ఇంతకన్నా నరకం ఉండదు. మనిద్దరం శుభ్రం చేసి పెడదాం. ఒంటి చేత్తోనైనా నడుపుకునేంత తేలికైతే రేపే వెళ్లి కూర్చుంటాడు. ఆ కుర్చీకి దారి ఇదే.

ఆయన మందులు నువ్వు మరిచిపోవని తెలుసు. నీ భోజనం మరిచిపోకు.

నీ మరిది

ఫిబ్రవరి 3

మరిదికి,

నీ ఫంక్షన్ నాకు ఇట్టే పట్టుబడింది. జేబు కుట్టడానికి నా దగ్గర ఒక అట్ట ఉంది కదా, దాన్ని గుడ్డ మీద పెట్టి గీస్తే చాలు, ప్రతిసారీ టేపు పట్టుకోనక్కర్లేదు. అదీ ఇదీ ఒకటే. సంబరంగా కూర్చుని ఆరు ఫంక్షన్లు రాసేశాను. గది1, గది2, అలా గది6 దాకా. మెయిన్ ఎంత ముద్దుగా వచ్చిందో చూడు. కాగితం జతచేశాను.

ఒక సందేహం. ఆయన ప్రోగ్రాం మధ్యమధ్యలో తనకోసం ఏవో రాసుకున్నారు. కంప్యూటర్ పట్టించుకోని మాటలట అవి. 'నాలుగో గది తలుపు భుజంతో నెట్టాలి' అని ఒకచోట. 'అయిదో గదిలో దీపం మిణుకుమంటుంది, భయపడకు' అని ఇంకోచోట. భయపడకు అని తనకు తనే చెప్పుకున్నారు, చూడు. అది చదివి చాలాసేపు నవ్వుకున్నాను. ఇవన్నీ కొత్తదాంట్లో ఎక్కడ పెట్టను?

నేను కొట్టడం మొదలుపెట్టగానే ఆయన వచ్చి కీబోర్డు మీద ఎడమ చెయ్యి వేసి ఉంచారు. ఎంతసేపటికీ తీయలేదు. "వద్దు" అనబోయారో ఏమో, "వాన" అన్నారు. అలిసిపోయారని తీసుకెళ్లి పడుకోబెట్టాను. పడుకోలేదు. గోడ వైపు తిరిగి కళ్లు తెరుచుకునే ఉన్నారు.

ఆయన మనసులో ఏముందో నీకేమైనా తోస్తే రాయి.

వదిన

ఫిబ్రవరి 12

వదినకి,

కోప్పడనంటే ఒకటి చెబుతాను. జేబు అట్ట అని అంత బాగా చెప్పావు, చివరికి ఆరు జేబులకి ఆరు అట్టలు కత్తిరించావు! గది1, గది2 అంటూ రాసినవన్నీ లోపల ఒకటే కదమ్మా. ఒక్క ఫంక్షన్ చాలు. ఏ గదో, ఎంత వేడో, ఎంత తేడా కలపాలో పిలిచేటప్పుడు బ్రాకెట్లలో ఇచ్చి పంపు. ఏ కొలత ఇస్తే ఆ కొలతకే జేబు వస్తుంది. గది నంబరుకి జి అని పేరు పెట్టి, ఒకటి నుంచి ఆరు దాకా మార్చుకుంటూ ఆ ఒక్కదాన్నే పిలువు.

రెండో తప్పు నాకు ఇంకా నచ్చింది. వేడిని సరిచేసే ఫంక్షన్‌ని పిలిచావు. అది పాపం లెక్క చేసి రిటర్న్ అని తెచ్చి ఇచ్చింది. నువ్వు అందుకోనే లేదు! దాన్ని ఒక పేరులో పెట్టుకోకపోతే ఆ లెక్క గాలికి పోతుంది, పాత వేడి పాతగానే ఉంటుంది. నేర్చుకునే ప్రతివాడూ చేసే తప్పే, బెంగపడకు.

అన్నయ్య రాసుకున్న మాటలు తీసెయ్. తలుపులూ దీపాలూ ప్రోగ్రాంకి అక్కర్లేదు. పైగా ఆరు గదులకీ ఒకే ఫంక్షన్ అయ్యాక నాలుగో గది తలుపుకి అందులో చోటెక్కడ? కొత్తది సరిగా నడిచిన రోజునే పాత ఫైలు కూడా తీసిపారెయ్. రెండూ ఉంటే ఎవరో ఒకరు పొరపాటున పాతది నడుపుతారు, మళ్లీ మూడో గది కథే.

చెయ్యి అడ్డం పెట్టాడన్నావు. అది సిగ్గు వదినా. చిన్నప్పటి నుంచీ అన్నయ్య అంతే, తన తప్పు ఇంకొకరు దిద్దుతుంటే చూడలేడు. అయ్యాక చూస్తే మొహం వెలిగిపోతుంది. నా మాట నమ్ము.

నీ మరిది

మార్చి 2

ప్రోగ్రామరు వదిన నుంచి మరిదికి,

అయిపోయింది! నడిచింది! చూసుకో.

float sari(float chupindi, float teda)
{
    return chupindi + teda;
}

ఇదీ వేడిని సరిచేసేది. ఏ గదో చెబితే gadi అనే ఫంక్షన్ ఆ గది వేడి అడిగి దీన్ని పిలుస్తుంది, ఈసారి రిటర్న్ ఇచ్చింది జాగ్రత్తగా అందుకున్నాను. ఇక మెయిన్ చూడు:

int main()
{
    int g;
    for (g = 1; g <= 6; g++)
        gadi(g);
    return 0;
}

అంతే. తెర కూడా నిండలేదు. ఆయన పాత మెయిన్ జరుపుతూ పోతే వేలు నొప్పెట్టేది.

యజమాని వచ్చి చూసి నోరు వెళ్లబెట్టాడు. హేచరీలో లెక్కలు చూసే అమ్మాయి కూడా వెంట వచ్చింది. ఒకసారి పైనుంచి కిందికి చదివి, "ఇంతేనా ఆంటీ!" అంది. నా ఛాతీ ఎంత పొంగిందో అడక్కు. డిస్కులో తీసుకెళ్లి అక్కడి కంప్యూటర్‌లో పాతదాని మీదే కొత్తది ఎక్కించేశారు. ఇక్కడ ఇంట్లో ఉన్న పాత ఫైలు నువ్వు చెప్పినట్టే తీసేశాను. తీసే ముందు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ నీ మాట గుర్తొచ్చి నొక్కేశాను.

మీ అన్నయ్యకి చూపించాను. మొహం వెలుగుతుందన్నావు కదా, వెలగలేదు. చూశారు, లేచి కర్ర పట్టుకుని వాకిట్లోకి వెళ్లి కూర్చున్నారు. కొత్త కదా, అలవాటు పడాలి.

సోమవారం ఆయన్ని హేచరీకి తీసుకురమ్మని యజమాని చెప్పాడు. కుర్చీలో కూర్చోబెట్టి చూద్దామన్నాడు. ఆ మాట వినగానే ఆయన తనంతట తానే గడ్డం గీసుకోవడానికి అద్దం ముందు నిలబడ్డారు, సోమవారం ఇంకా ఎంతో దూరముండగానే. ఒంటి చేత్తో రెండు చోట్ల తెగింది.

వదిన

మార్చి 11

మహా ప్రోగ్రామరు వదినగారికి శిష్యుడైపోయిన మరిది దండాలు.

నీ మెయిన్‌ని ఇక్కడ గోడకి అంటించాను. మా వాతావరణ కేంద్రంలో పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ల మెయిన్లు ఇంత పొందికగా ఉండవు. నీ ఉత్తరం నాకు అందేసరికి ఆ సోమవారం వచ్చి వెళ్లిపోయే ఉంటుంది. అన్నయ్య ఈపాటికి దర్జాగా కుర్చీలో వెనక్కి వాలి అందరి మీదా చిరాకు పడుతుంటాడు. తమ్ముడు అభినందనలు చెప్పాడని చెప్పు. సెలవు దొరికితే వచ్చి, హేచరీలోనే చూస్తాను, ఆ కుర్చీ పక్కన నిలబడి.

మరిది

మార్చి 19

మరిదికి,

నీ సంబరం ఇవాళే చేరింది. ఒకసారి చదివి మడిచి లోపల పెట్టేశాను.

ఆ సోమవారం ఆయనకి ఇస్త్రీ చొక్కా వేసి, బొత్తాలు పెట్టి తీసుకెళ్లాను. కుర్చీలో ఆ లెక్కల అమ్మాయి ఉంది. చటుక్కున లేచి, "కూర్చోండి సార్" అని కుర్చీ జరిపింది. కూర్చున్నారు. ఎడమ చేత్తో ప్రోగ్రాం కిందికి జరిపారు. వెంటనే అయిపోయింది. మళ్లీ పైకి వెళ్లి మళ్లీ కిందికి వచ్చారు. నన్ను చూసి, "నాలుగు?" అన్నారు. నాలుగో గది కోసం వెతుకుతున్నారు. నేను వంగి, జి అన్నది ఒకటి నుంచి ఆరు దాకా మారుతుందనీ, నాలుగైనప్పుడు అదే నాలుగో గదనీ నువ్వు నాకు చెప్పినట్టే చెప్పాను. ఆ అమ్మాయి కూడా ఓపిగ్గా చెప్పింది. ఆయన మా ఇద్దరి మొహాలూ చూశారు. తర్వాత మొదటి నుంచి చివరిదాకా ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివారు. ఎవరూ తొందరపెట్టలేదు.

చదివాక యజమాని వైపు తిరిగి, "చాలా బాగుంది. ఎవరైనా నడపొచ్చు" అన్నారు.

జబ్బు చేశాక ఆయన నోట పూర్తి వాక్యం రావడం అదే మొదలు. ఒక్క మాట కూడా తడబడలేదు.

యజమాని ఆయన భుజం నిమిరాడు. "అవునండీ, మీ ఆవిడ చలవ. ఈ లెక్కల అమ్మాయి ఒక్క పూటలో నేర్చేసుకుంది. ఇక మీరు దేనికీ కంగారు పడక్కర్లేదు. హాయిగా ఇంట్లో విశ్రాంతి తీసుకోండి" అన్నాడు. మోసం చేసే మనిషి కాదు, మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. బయటికొచ్చాక నన్ను పక్కకి పిలిచాడు. ఆ అమ్మాయికి లెక్కల పని చాలా ఉందట, గదుల పని నన్నే చూసుకోమన్నాడు. ఆయన కుర్చీలో నేను!

అప్పుడు వెలిగింది నాకు. ఆ కుర్చీ అన్నాళ్లు ఖాళీగా ఉంచింది ఆయన మీది ప్రేమతో ఒక్కదానితోనే కాదు. ఆ ప్రోగ్రాం ఇంకెవరికీ అర్థం కాదు గనక. యజమాని ఆ మాట మొదటి రోజే నవ్వుతూ చెప్పాడు. నేను నీకు రాశాను కూడా. ఇద్దరం చదువుకున్నవాళ్లమే, ఒక్కరికైనా తట్టలేదు.

ఇంటికొచ్చాక ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని, ఖాళీ తెర చూస్తూ పలికారు: "నాలుగో గది. తలుపు. భుజంతో నెట్టాలి." తలుపుని తలుపే అన్నారు మరిదీ. చెంచాని కాదు, తలుపుని. తర్వాతి మాట కోసం తెర మీద వెతికి, దొరక్క, "తర్వాత?" అని నన్నడిగారు. నాకు గుర్తు లేదు.

అన్నాళ్లూ ఆయన పెదాలు కదిపింది కుమిలిపోయి కాదు. గది తర్వాత గదిలోకి నడుస్తూ మాటలు వెనక్కి తెచ్చుకుంటున్నారు. నేను మిషను చప్పుడులో వినలేదు. కీబోర్డు మీద చెయ్యి వేసింది సిగ్గుతోనూ కాదు. సిగ్గని నువ్వు కొండమీంచి ఎలా చెప్పావు? నేను పక్కనే ఉండి ఎలా నమ్మాను?

వదిన

మార్చి 28

వదినా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

నువ్వు మొదట చేత్తో ఎక్కించి పంపిన పేజీల కోసం ఉత్తరం అందగానే వెతికాను. వాటి వెనక లెక్కలు వేసుకుని, పనైపోయాక పొయ్యి రాజేయడానికి వాడేశాను. పనికిరాని ప్రోగ్రాం కదా అనుకున్నాను. అన్నయ్య మొదటి గదీ రెండో గదీ నా టీనీళ్ల కింద కాలిపోయాయి.

నేర్పినదాంట్లో తప్పు లేదు వదినా, అదే నన్ను తినేస్తోంది. ఒక్క ముక్కైనా తప్పు నేర్పి ఉంటే దాని మీద నెట్టేసి ఊరుకునేవాణ్ణి. ప్రోగ్రాం ఎలా ఉందో చూశాను గానీ, అది రాసిన మనిషి దాన్ని ఏం చేసుకుంటున్నాడో అడగలేదు. ఆయన నా అన్నయ్య. అడగకుండానే నాకు తెలుసనుకున్నాను.

ఆ కుర్చీ ఒప్పుకోకు. నువ్వు కాదంటే ఆయనకి మళ్లీ పిలుపొస్తుందేమో. సెలవు కోసం రాశాను, ఇంకా జవాబు రాలేదు. అన్నయ్యకి ఏం చెప్పమనాలో తెలియడం లేదు. తమ్ముడు ఏడ్చాడని చెప్పు, అది నిజం.

మరిది

ఏప్రిల్ 10

మరిదికి,

నీ ఉత్తరం వచ్చేసరికే నేను ఆ కుర్చీలో కూర్చుంటున్నాను. కాదంటే ఆయన్ని పిలవరు, ఇంకెవరినో పిలుస్తారు. ఒప్పుకోమన్నదీ ఆయనే. నా సంచి తెచ్చి చేతికిచ్చి, గుమ్మం వైపు చూపించారు.

నిన్ను నిందిస్తూ రాశాను, అది మనసులో పెట్టుకోకు. ఆ మీట నొక్కింది నా వేలే. ఆయన రాసుకున్న మాటల్లో నాకు గుర్తున్నవి మళ్లీ కొట్టి చూపించాను. ఆరు గదులూ విడివిడిగా, పాతలాగే, ఒకే లెక్క ఆరుసార్లు. చదివి తల అడ్డంగా ఊపారు. అవి నా మాటలు, ఆయనవి కావు. అయినా నా మనసు నొచ్చుకోకూడదని కాసేపు దాని ముందు కూర్చున్నారు. మరునాటి నుంచి కంప్యూటర్ ఉన్న గదిలోకి వెళ్లడం లేదు. మాటలు మళ్లీ తగ్గాయి.

సెలవు దొరికితే రా. ఆయన నీ మీద కోపంగా లేరు. కోపంగా ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

సాయంత్రం నేను గుమ్మం ఎక్కగానే, "గదులు?" అని అడుగుతారు. బాగున్నాయంటాను. ఇంకేదైనా చెబుతానేమోనని కాసేపు నా మొహం వంక చూసి తల దించుకుంటారు. ఒక్క గది మొండికేస్తే, ఏం చేయాలో పాలుపోక ఆయన్ని అడగడానికి నేను పరుగెత్తుకుంటూ ఇంటికి వస్తే ఎంత బాగుండునో అని రోజూ అనుకుంటున్నాను. గుడ్లు పాడైపోవాలని కోరుకునేంత పాపిష్టిదాన్నయ్యాను. ఒక్క చీటీ అయినా తప్పు రావడం లేదు. అంత బాగా నేర్పావు.

నీ వదిన